మంగళం లేని భాగవతం

ఫోనుకి తాళం వేసే యాప్ ఒకటుంది. రోజుకి ఇంతసేపని పెట్టుకుంటే, ఆ పైన మనం బతిమాలినా తెరుచుకోదు. చిక్కేమిటంటే, దాన్ని దించుకోవాలన్నా ముందు ఫోను తెరవాలి. తెరిచినవాడు ప్లేస్టోరు దాకా చేరితే కదా! దారిలో బావమరిది గృహప్రవేశం ఫోటోలు, ఉల్లిపాయల ధర, ఎవరో ఇటుకల మీద దోసె పోస్తున్న వీడియో. అన్నీ చెక్‌పోస్టులే. అన్నిచోట్లా బండి ఆపాల్సిందే.

"క్రమశిక్షణ అలవరచుకోవడం ఎలా" అనే వీడియోలు చూడటంలో నాకున్నంత క్రమశిక్షణ ఇంకెవరికీ లేదని మా ఆవిడ అంటుంది. వేళ తప్పకుండా, అన్నం చల్లారిపోతున్నా సరే చూస్తాను. చివరికి ఆవిడే, "కూచిపూడి మామయ్యగారి దగ్గరికి ఓసారి వెళ్ళిరండి, కాస్త నిలకడ వస్తుందేమో" అంది. ఆయన నాకు వరసకు మేనమామ. నట్టువాంగం పడతారు, పిల్లలకి నాట్యం చెబుతారు. నిలకడ ఆయన దగ్గర ఉన్నమాట నిజమే. అది అంటువ్యాధి అవునో కాదో తేల్చుకుందామని బెజవాడ బస్టాండులో బస్సెక్కాను.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. ఒకప్పుడు ఈ దారిలో కిటికీ పక్క సీటు కోసం తువ్వాలు విసిరేవాళ్ళు. ఇప్పుడు ఛార్జింగు పెట్టుకునే చోటు కోసం విసురుతున్నారు. బస్సులో ఎవరి ఫోను వాళ్ళు చూస్తారు, అందరి ఫోన్లూ అందరూ వింటారు. ఉయ్యూరు దాటేసరికి నాకు ఒక రాజకీయ చర్చ, రెండు కామెడీ బిట్లు, ఒకరి మోకాళ్ళ నొప్పుల వైద్యం ఏకకాలంలో వంటబట్టాయి.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి మామయ్య క్లాసు మొదలైంది. అరుగు మీద బొద్దుగా ఉన్న ఇత్తడి చెంబుకి ఫోను ఆనించారు. అవతల న్యూజెర్సీ. అక్కడింకా నిన్నటి సాయంత్రమే. ఈయన కొట్టిన తాళం అక్కడికి ఆలస్యంగా వెళుతుంది, వాళ్ళేసిన అడుగు ఇక్కడికి ఇంకా ఆలస్యంగా వస్తుంది. "తప్పేది నెట్టు. పిల్ల తప్పట్లేదు. అందుకే వాళ్ళ గొంతు మ్యూటులో పెట్టి కాళ్ళు చూస్తాను" అన్నారు. మధ్యలో ఫోను పైభాగాన మెసేజి ఒకటి తొంగిచూసి పోయింది. ఫోను నాది కాదు, మెసేజి నాకు కాదు. అయినా వేలు దురద పెట్టింది.

క్లాసయ్యాక అడిగాను. "ఎలా ఉండగలిగారు మామయ్యా?"

"ఎలా అంటే?"

"అదే, ఆ మెసేజి చూడకుండా."

"ఏ మెసేజి?"

ఇంక ఆయన్ని ఏమడుగుతాం?

కాఫీ తాగుతూ ఇందాకటి చెంబు తెచ్చి నా ముందు పెట్టారు. తరంగం చేసేటప్పుడు నీళ్ళు నింపి నెత్తిన పెట్టుకునే చెంబది. పాదాలు ఇత్తడి పళ్ళెం అంచుని పట్టుకోవాలి. పళ్ళెం తాళానికి కదలాలి. చేతులు ముద్రలు పట్టాలి, కళ్ళు కృష్ణుణ్ణి చూడాలి, మొహం చూసేవాడికి కృష్ణుడు కనబడాలి. పాత పద్ధతి భాగవతంలో అయితే నోటికీ సెలవు లేదు. పాత్రధారి తన పాట తానే పాడాలి, సంభాషణ తానే చెప్పాలి. వాచికం అంత గట్టిగా ఉండటమే కూచిపూడి ప్రత్యేకత. నాకు చప్పున ఒక సంగతి తట్టింది. ఈ మనిషి ఒంట్లో ఖాళీగా ఉన్న అవయవం ఏదీ లేదు. ఫోను వెతుక్కునేది ఖాళీ బొటనవేలిని. అది పళ్ళెం అంచున ఉంటే రీలు ఎవరు తోస్తారు?

గ్లోరియా మార్క్ అనే కాలిఫోర్నియా ఆచార్యురాలు మనుషులు తెర మీద ఒకచోట ఎంతసేపు నిలుస్తారో ఏళ్ళ తరబడి కొలిచింది. 2004లో సగటున రెండున్నర నిమిషాలట. ఈమధ్య కొలిస్తే 47 సెకన్లు. కూచిపూడిలో సింహనందిని అని ఒకటుంది. నేలమీద పరిచిన రంగుపొడిలో నర్తకి అడుగులేస్తూ, కాళ్ళతోనే సింహం బొమ్మ గీస్తుంది. దానికి వేసే సింహనందన తాళం ఒక్క ఆవర్తనానికి 128 అక్షరకాలాలు. సెకనుకొకటి చొప్పున వేసుకున్నా మన 47 సెకన్లకి తోక మాత్రం పడుతుంది. మిగతా సింహానికి పార్ట్ టూ చూడాలి.

చూసేవాళ్ళ ఓపిక కూడా అప్పట్లో వేరు. గోల్కొండ తానీషా 1678 ప్రాంతంలో ఇటుగా వచ్చి, వీళ్ళ ఆట చూసి, మెచ్చి ఊరినే అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకుంటారు. ఇప్పుడైతే ఒక లైకు పడేది.

ఇక కూచిపూడి నాట్యానికి ఆదిగురువని చెప్పుకునే సిద్ధేంద్రయోగి. కొత్త సంవత్సరానికి మనం పెట్టుకునే నియమాలు సంక్రాంతి అరిసెలు చూసేసరికి సడలిపోతాయి కదా. ఆయన నియమం తనకి పెట్టుకోలేదు, ఊరికి పెట్టాడు. ఈ భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మకొక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నాడని పెద్దల మాట. అది తరాలపాటు నిలబడింది. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఒక్కసారితో ఊరుకోక జీవితమంతా సత్యభామగా నిలిచి, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. దీన్నిబట్టి నేను కనిపెట్టిన సూత్రం: నియమం ఎప్పుడూ పక్కవాడికి పెట్టాలి. మా ఇంట్లో మా ఆవిడ ఈ సూత్రాన్ని సిద్ధేంద్రయోగి అంత బాగానే అమలు చేస్తోంది.

హాస్యానికన్నా, అందులో అసలు కిటుకు ఉంది. వీళ్ళలో ఎవరూ నిగ్రహాన్ని ఒంటరిగా మొయ్యలేదు. కాలు జారకుండా గురువు తాళం కాచింది. మాట జారితే పక్క పాత్రధారి అందుకున్నాడు. కునుకు పడితే మద్దెల లేపింది. 2016 డిసెంబరులో బెజవాడ స్టేడియంలో 6,117 మంది ఒక్క తాళానికి అడుగులేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. మా అపార్టుమెంటులో నీళ్ళ మోటారు ఎన్నింటికి వెయ్యాలో ఇంతవరకూ ఏకాభిప్రాయం లేదు. మాకు వాట్సాప్ గ్రూపుంది గానీ తాళం పట్టేవాడు లేడు.

"అంతరాయం లేకుండా ఉంటే ఏకాగ్రత ఎవరికైనా కుదురుతుందోయ్" అన్నారు మామయ్య. "అవధానంలో అంతరాయానికే ఒక పీట వేశారు కదా." నిజమే. అష్టావధానంలో ఒకాయన సమస్య ఇస్తాడు, ఇంకొకాయన నిషిద్ధాక్షరి అంటాడు, ఎవరో గంట కొడుతుంటే లెక్క మనసులో దాచుకోవాలి. వీళ్ళ మధ్యలో అప్రస్తుత ప్రసంగి కూర్చుని, పద్యం సగంలో ఉండగా "అవధానిగారూ, మీ ఇంట్లో వంకాయ కూరా, బెండకాయ వేపుడా?" అన్నట్టు తగులుకుంటాడు. అవధాని చిరాకుపడకూడదు, మాట దాటెయ్యకూడదు. చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన అక్షరం దగ్గరికే తిరిగి రావాలి. ఇక్కడికి దగ్గర్లోని బందరులో పాఠాలు చెప్పిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి ఊరూరా ఇదే చేసి సన్మానాలందుకున్నారు. మన జేబులోనూ అప్రస్తుత ప్రసంగి ఉన్నాడు. జవాబైతే వెంటనే ఇస్తాం. ఏ అక్షరం దగ్గర వదిలామో అదే గుర్తుండదు.

పైగా ఈ ప్రసంగికి ఆపటం తెలీదు. భామాకలాపం తెల్లవార్లూ సాగినా కోడికూతవేళకి మంగళం పాడేవాళ్ళు. సత్యభామ తెరమీదుగా జడ విసిరినా, కృష్ణుడికి ఉత్తరం పంపి కుమిలిపోయినా, చివరికి మంగళం ఉంది, ఇంటికి దారుంది. 2006లో అజా రస్కిన్ అనే ఆయన, వేలితో తోసేకొద్దీ పేజీ అయిపోకుండా వస్తూనే ఉండే ఏర్పాటు కనిపెట్టాడు. తర్వాత తానే నొచ్చుకున్నాడు. తెర దింపటం తెలియని భాగవతం అది. సత్యభామ ఈ కాలంలో పుట్టుంటే ఉత్తరానికి నీలం టిక్కులు పడ్డాయని రాత్రంతా చూస్తూ కూర్చునేది. విరహానికి కొరతేమీ ఉండేది కాదు. కలాపమే సాగేది కాదు.

ఏడింటికి కాలిఫోర్నియా బ్యాచి. నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు మామయ్య. "ఫోను గూట్లో పెట్టు. మఠం వేసుకుని తొడమీద ఆదితాళం వెయ్యి. చెయ్యి ఆగితే కర్ర నీ వైపు వస్తుంది" అన్నారు. వేశాను. మొదట్లో వేళ్ళు తడబడ్డాయి, తర్వాత తొడ మండింది, ఆ తర్వాత గూడు సంగతే మర్చిపోయాను. క్లాసు చివర నమస్కారానికి మ్యూటు తీశారు. అవతలి నుంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"గురువుగారూ, వెనకాల ఆ అంకుల్ ఎందుకు తనని తనే కొట్టుకుంటున్నారు?"

మామయ్య తల ఎత్తలేదు. "అప్రస్తుత ప్రసంగం వద్దమ్మా. నీ మోకాళ్ళు వంగట్లేదు, అది చూసుకో."