వానకు పనికిరాని ఛత్రి

జూన్‌లో మా దిక్కు మబ్బు పట్టిందంటే ఊరంతా తలెత్తి దండం పెడుతుంది. సిగ్నల్ మామ ఒక్కడే తలెత్తి, "అయిపాయె!" అంటాడు.

డిండి వాగుకు ఇటు నల్లగొండ, అటు పాలమూరు. చినుకు కోసం కప్పకు స్నానం చేయించే సీమ ఇది. ఇక్కడ మబ్బును చూసి దిగులుపడేవాడు మా మామ ఒక్కడే అనుకోకండి. గుట్టల చాటున ఉన్న ప్రతి ఊళ్లో ఒక సిగ్నల్ మామ ఉంటాడు. లేకపోతే ఊరే ఒకణ్ని తయారు చేసుకుంటుంది. టవరేమో గుట్టకు అవతల. మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన ఫైబర్ తీగ ఎక్కడో జేసీబీ పళ్లకింద పడుతుంది. ఇక మిగిలింది ఆకాశం. దానితో మాట్లాడటానికి మనిషి కావాలి కదా!

మామకు రెండెకరాల పత్తి చేను ఉంది, స్లాబు మీద తెల్లటి ఛత్రి ఉంది. డిష్ అనడు, ఛత్రి అనే అంటాడు. దాని కింద చిన్న గది, కంప్యూటరు, ప్రింటరు, నాలుగు కుర్చీలు. వెనకట చెరువు కింద ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో నీరటి చెప్పేవాడు. ఇప్పుడు డేటా పారకం మామ చేతిలో ఉంది. నెలకింత అని కంపెనీ లెక్కగట్టి ఇచ్చే జీబీలను తూము దగ్గర నిలబడ్డట్టే పంచుతాడు. "రిజల్టు చూసుకునే పిల్లలు ముందుకు రాండ్రి. పహాణీలోళ్లు ఆ ఎన్క. రీల్సు చూసెటోళ్లు తూము మూసినంక రాండ్రి!"

ఛత్రి బిగించిన నాడే అత్త గొడవకు దిగింది. "యముని దిక్కుకు నోరు తెరిచి పెట్టినవేందయ్యా, ఇంటికి మంచిదా?" మామ ఓపికగా పాఠం చెప్పాడు. ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితో సమంగా తిరుగుతాయి కాబట్టి కదలకుండా నిలబడ్డట్టే ఉంటాయి. మనం ఆ రేఖకు ఉత్తరాన ఉన్నాం. అందుకే కాస్త అటో ఇటో మన ఛత్రులన్నీ దక్షిణం వైపే చూడాలి. అత్త అంతా విని, లేచి వెళ్లి, ఛత్రి కాడకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. ఆ నెలంతా సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. సైన్సు మీద మామకు ఎంత గురి ఉన్నా, నిమ్మకాయ మార్చడం మాత్రం ఇప్పటికీ మరచిపోడు.

అసలు చిక్కు మాటలతో వచ్చింది. మా దిక్కు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయినవాళ్లు ఇంటికొకరు. ఒక సాయంత్రం ఒకావిడ మామ గదిలో కూర్చుని పెనిమిటికి ఫోన్ కలిపింది. "తిన్నవా?" అంది. అవతల ఉలుకూ పలుకూ లేదు. ఆమెకు ఓపిక తక్కువ. "ఏంది, అక్కడ ఇంకోదాన్ని చూసుకున్నవా?" అంది. అప్పుడొచ్చింది మొదటి ప్రశ్నకు జవాబు: "ఆఁ, ఇప్పుడే."

ఆ సంసారం నిలబడటానికి మామ మళ్లీ పాఠం చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీద రెండు మూడు గంటల దూరంలో ఉన్న హైదరాబాద్‌కైనా, బొంబాయికైనా మన మాట 36,000 కిలోమీటర్లు పైకి పోయి, మళ్లీ అంతే కిందికి దిగాలి. జవాబుదీ అదే దారి. వెలుతురు వేగంతో పరుగెత్తినా రానూపోనూ అర సెకను. మర్నాడు గోడ మీద సుద్దతో రాశాడు: "అడిగినంక ఆగుండ్రి." ఆ గదిలో ఫోన్లలో కొట్లాటలు తగ్గాయి. ఆగడం అలవాటయ్యాక ఇళ్లలోనూ కొంత తగ్గాయని అత్త చెబుతుంది.

మార్చి నడుమా, సెప్టెంబరు-అక్టోబరు సందులోనూ కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వచ్చి నిలబడతాడు. ఆ వేడి రొదలో కొన్ని నిమిషాలు సిగ్నల్ మునిగిపోతుంది. మామ దాన్ని ముందే గ్రహణంలా చాటిస్తాడు. పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు అని అడిగే ముసలమ్మలూ ఉన్నారు. కానీ వానకు ముహూర్తం ఉండదు. చినుకులు ఆ సన్నని తరంగాలను మింగేస్తాయి, చెదరగొడతాయి. వాన పడితే పనికిరాని ఛత్రి లోకంలో ఇదొక్కటే.

ఈ ఛత్రి పిచ్చి మామకు చిన్నప్పుడే పట్టింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహంతో మన ఇస్రో 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కోళ్ల గూడు జాలిలాంటి తీగతో అల్లిన 3 మీటర్ల ఛత్రి, దాని ముందు కూర్చున్న ఊరు. మేనమామ ఊళ్లో అది చూసిన పిల్లవాడు ఇంకా తల దించలేదు.

2025 జూన్‌లో ఉపగ్రహాలతో నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు కేంద్రం లైసెన్సు ఇచ్చిందని పేపర్లో చదివిన రాత్రి మామకు నిద్ర లేదు. "అవి 550 కిలోమీటర్ల మీదనే తిరుగుతయట అల్లుడా! మాట ఆగే పనే లేదు."

"మరి వానకో మామా?"

ఈసారి జవాబు రావడానికి అర సెకను కంటే ఎక్కువే పట్టింది. "వాన వానే గద."

ఒక ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. పొడి దుక్కిలో పెట్టిన పత్తి గింజలు మట్టిలోనే ఉన్నాయి. పిల్లలు రోకలికి కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మామ గడపకూ వచ్చారు. మామ ఒకసారి స్లాబు వైపు చూశాడు, ఒకసారి చేను వైపు చూశాడు. బిందెడు నీళ్లు తెచ్చి కప్ప మీద కుమ్మరించాడు.

మూడో రాత్రి వాన దంచి కొట్టింది. గొంగడి కప్పుకుని ఎవరో వాకిట్లోంచి కేకేశారు: "మామా, సిగ్నలు?"

"పోయింది!" అన్నాడు మామ, కొడుక్కి నౌకరి వచ్చిందని చెప్పినట్టు.

రెండు రోజులు నెట్ లేదు. ఆరో రోజుకు పత్తి మొలిచింది.