సీరియల్లో అన్నీ తగలబడతాయి, ఫైరింజన్ మాత్రం రాదు

మా ఇంటామె చూసే సీరియల్లో మళ్లీ ఇల్లంటుకుంది. ఆడపడుచు అగ్గిపుల్ల గీసింది, కోడలు గదిలో ఇరుక్కుంది. అత్త, మామ, చిన్నత్త, వంటమనిషి, ఒక్కొక్కరి మొహం మూడేసి సార్లు చూపించినారు. హీరో ఒంటి మీద తడిగుడ్డ కూడా వేసుకోకుండా మంటల్లోకి పోయి, కోడల్ని ఎత్తుకుని బయటికి వచ్చినాడు. క్రాపు చెదరలేదు. అంతమంది ఉన్నారు కదా, ఒక్కరంటే ఒక్కరు 101కి ఫోన్ చేయాలనుకోలేదు. ఫైర్ సర్వీసులో చేసి రిటైరైనవాణ్ణి, అది చూస్తా ఉంటే నాకు ఒళ్లు మండదా?

మా రోజుల్లో దూరదర్శన్లో ‘ఋతురాగాలు’ వచ్చేది. అందులో ఇల్లు ఇల్లుగా ఉండేది, మనుషులు మనుషులుగా మాట్లాడుకునేవాళ్లు. తర్వాత ఛానళ్లు పెరిగినాయి, ఉద్యోగాలూ వచ్చినాయి. ‘మొగలిరేకులు’లో ఆర్.కె. నాయుడని పోలీసాయన, ‘కార్తీకదీపం’లో డాక్టర్ బాబు. వాళ్ల కోసం ఇంటింటా వంట ఆలస్యమయ్యేది. బాగానే ఉంది. మేమేం పాపం చేసినాం? మేమూ ఖాకీ తొడిగినవాళ్లమే. సీరియల్ వాళ్లకి నిప్పు కావాలి, పొగ కావాలి, అరుపులు కావాలి. ఆర్పేవాడు మాత్రం అక్కర్లేదు.

పరాయి దేశాల్లో ఇట్లా లేదంట. మా మనవడు ఫోన్లో ‘షికాగో ఫైర్’ అని చూపించినాడు. 2012 నుంచి వస్తా ఉందంట, నిజమైన ఫైర్ స్టేషన్ దగ్గరే బయటి సీన్లు తీస్తారంట. అంతకంటే ముందు ఇంగ్లండులో ‘లండన్స్ బర్నింగ్’ అని ఒకటి, 1986లో టీవీ సినిమాగా వచ్చి, జనం మెచ్చుకుంటే 1988 నుంచి 2002 దాకా సీరియల్‌గా నడిచింది. మంటలే కాదు, స్టేషన్లో ఎవడు ఎవడితో పడడు, ఎవడి సంసారం ఎట్లా ఉంది, అవన్నీ కథే. మలయాళంలో మమ్ముట్టి 2015లోనే ‘ఫైర్‌మ్యాన్’ అయినాడు. హిందీలో 2024లో ‘అగ్ని’ వచ్చింది. మన తెలుగు టీవీలో నాకు తెలిసి ఇంకా ఎవరూ హోసు పైపు పట్టుకోలేదు.

ఆ తెల్లోళ్ల దాంట్లో కూడా ఒక తిరకాసు ఉంది. లోపలికి పోతే అన్నీ కనబడతాయి! నిజం మంటలో ఏమీ కనబడదు. మనిషిని ముందు చంపేది పొగ. తిరుపతి పాత వీధుల్లో ఒక గుడ్డల గోదాము అంటుకున్న రాత్రి నాకు బాగా గుర్తు. మోకాళ్ల మీద పాకతా పోయినాం. కుడిచెయ్యి గోడ మీద, ఎడమచెయ్యి పైపు మీద. పైపు వదిలితే వెనక్కి దారి లేదు. లోపలొక తలుపు అడ్డమొస్తే అరచేత్తో తాకలేదు, వెనకచేత్తో తాకినాం. కాలితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది, అరచెయ్యి మిగులుతుంది. తలుపు రంగు బుడగలు లేస్తా ఉంటే అవతల మంట కాచుకుని ఉందని లెక్క. అప్పట్లో మా అందరికీ బ్రీతింగ్ సెట్లు యాడివి? ముక్కుకి తడి తువ్వాలు, అంతే. మర్నాడు ఉమ్మితే నల్లగా పడింది. ఈ సీను ఉన్నదున్నట్టు తీస్తే టీవీ చెడిపోయిందని జనం కేబులాయనకి ఫోన్ చేస్తారు.

మా రోజుల్లో కాల్ వచ్చిందంటే గడ్డివాములు, పూరిళ్లు, చెరకు తోటలు, బెల్లం వండే కొట్టాలు. చిత్తూరు వైపు బెల్లం కాలమొస్తే మాకు నిద్రుండదు. బండిలో 4,500 లీటర్ల నీళ్లుంటాయి. రెండు పైపులు పూర్తిగా తిప్పితే పది నిమిషాలు తిరక్కుండానే ఖాళీ. తర్వాత చెరువో, బావో, ఊరోళ్ల చేతులో. ఫైరింజన్ గంట వినబడితే ఊరు ఊరంతా కదిలేది. మేం పోయేసరికే బావి దగ్గర వరస కట్టి బిందెలు అందించుకుంటా ఉండేవాళ్లు. ముసలామె ఒకతె మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడేది. ఆరిపోయినాక తాగకుండా పోనిచ్చేది కాదు.

ఇప్పుడు బండ్లు మంచివి వచ్చినాయి, సెట్లు వచ్చినాయి. కాదనను. మనుషులే ఫోన్లు పట్టుకుని నిలబడినారు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫొటో ఫ్రేముల దుకాణం అంటుకున్నప్పుడు ఆ పొగ ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఆ చుట్టుపక్కల సందుల్లోకి మామూలు రోజుల్లోనే ఆటో దూరదు. సగం దారి స్కూటర్లు, మిగతా సగం వీడియో తీసేవాళ్లు. అంత పెద్ద బండి యాడ దూరాల?

న్యూస్ ఛానళ్లూ అంతే. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోసినాయి. టీవీలో అవే చూపించినారు. కొండ కింద పచ్చి మండలతో మంటని కొడతా నిలబడినవాళ్లు ఎవరికి కనబడినారు? 2021 నవంబరు వానలకి తిరుపతి వీధులు ఏళ్లయినప్పుడు తాళ్లు పట్టుకుని నీళ్లలోకి దిగినవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు. మా ఉద్యోగం నిప్పుతో మాత్రమే కాదని అప్పుడైనా ఎవరైనా చెప్పినారా?

ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్ 14న, మేం గుర్తొస్తాం. 1944లో అదే రోజు బొంబాయి రేవులో పేలుడు మందు నింపుకున్న ఫోర్ట్ స్టికిన్ ఓడ అంటుకుని పేలితే, ఆర్పబోయిన ఫైర్‌మన్లు 66 మంది పోయినారు. వాళ్ల పేరు మీద వారోత్సవాలు చేస్తాం. బడి పిల్లలకి గ్యాస్ బండ మంట ఆర్పి చూపిస్తాం, పేపర్లో ఫొటో పడుతుంది, మళ్లీ ఏడాది దాకా ఎవరూ పలకరించరు.

సంసారం కథలే కావాలంటే మా క్వార్టర్సుల్లో తక్కువా? ఊరందరికీ దీపావళి, మాకు డ్యూటీ. మా ఇంటామె పిల్లల్ని పెట్టుకుని ఒక్కతే దీపాలు వెలిగించేది. స్టేషన్ గంట మోగితే కాకరపువ్వొత్తి చేతిలో పట్టుకునే పిల్లోడు గేటు దాకా పరిగెత్తేవాడు. గంగమ్మ జాతరకి ఊరంతా వేషాలు కడితే, మేం గుడి దగ్గర బండి కాడ బందోబస్తు. జాతర సెలవు ఎవడికివ్వాలని మాలో మాకు అయిన గొడవలు రాస్తే వంద ఎపిసోడ్లు. మావాడొకడు రేకుల కప్పు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే పుత్తూరు కట్టుకి తీసుకుపోయినాం. వాళ్ల అత్త కట్టు చూసి, “నిప్పులో దూకే ఉద్యోగమని అప్పుడే చెప్పింటే పిల్లనిచ్చే వాళ్లమా?” అని నడిరోడ్డులో నిలబెట్టి అడిగింది. అత్తలు కావాలంటే ఇట్లాంటి అత్తలున్నారు.

మా వీధిలో టీవీకి కథలు రాసే పిల్లోడొకడు ఉన్నాడు. వాడికి ఇదంతా చెప్పినాను. మొదటి ఎపిసోడ్లో మంట వద్దురా నాయనా, బావిలో ఆవు పడిందని పెట్టు, మాకు అట్లాంటి కాల్సే ఎక్కువ అన్నాను. తాడు నడుముకి కట్టుకుని ఒకడు దిగతాడు, ఆవు వాణ్ణే కుమ్మను చూస్తుంది, పైన రైతు ఏడుస్తా ఉంటాడు. తర్వాత సందులో మంట, రాత్రి డ్యూటీ, ఇంట్లో అలక. శ్రద్ధగానే విన్నాడు. ఆఖర్లో మాత్రం బుర్ర గోక్కుని, “అంతా బాగుంది గానీ తాతా, ఇందులో విలన్ ఎవరు?” అన్నాడు.

“ఫైరింజన్ తిరిగే మలుపులో అడ్డంగా స్కూటర్ పెట్టేసి, టీ తాగను పోయినోడు” అన్నాను.