పేరుపెట్టి అడిగేది మా కాలం ఆర్‌పీఎం

మొన్న రాత్రి పదకొండింటికి మా ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ప్లేబుక్ అంతా ఎర్రగా వస్తోంది. ఉబుంటూ సర్వర్లు బాగానే ఉన్నాయి. రెడ్‌హ్యాట్ 8 వాటిల్లో మాత్రం ఒక్క ప్యాకేజీ కూడా ఎక్కట్లేదు. సర్వర్ల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు సార్, ఒట్టు."

"సర్వర్ల సంగతి తర్వాత. నీ ల్యాప్‌టాప్‌లో యాన్సిబుల్ ఎప్పుడు అప్‌డేట్ చేశావు నాయనా?" అన్నాను.

కాసేపు మాట లేదు. "పొద్దున్నే సార్."

అదీ సంగతి. యాన్సిబుల్ కోర్ 2.17 నుంచి, అవతలి సర్వర్లో పైథాన్ 3.6 ఉంటే కుదరదు. రెడ్‌హ్యాట్ 8 తన సొంత పనులకు ఉంచుకున్న పైథాన్ సరిగ్గా ఆ 3.6. పక్కనే కొత్త పైథాన్ వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. కానీ డీఎన్‌ఎఫ్‌తో మాట్లాడే లంకె పాతదానికే ఉంది, కొత్తదానికి లేదు. ప్యాకేజీలు ఎక్కిస్తుందని పెట్టుకున్న పనిముట్టు చివరికి ఆ ఒక్క పనే చేయదు.

మా రోజుల్లో ఇలా కాదండీ. ఆర్‌పీఎం ఫైలు ఎక్కించబోతే ముఖం మీదే చెప్పేది: ఫలానా లిబ్‌క్రిప్టో డాట్ ఎస్‌ఓ డాట్ 4 కావాలి, తెచ్చుకో అని. పత్రికతో పాటు వచ్చిన సీడీలో వెతికేవాణ్ణి. లేకపోతే అమీర్‌పేటలో నెట్ సెంటర్‌కు స్కూటర్ మీద పోయి, దాన్ని ఫ్లాపీలో దింపుకొని వచ్చేవాణ్ణి. 1.44 ఎంబీ దాటితే ముక్కలు చేసి రెండు ఫ్లాపీలు. తీరా తెచ్చాక అది ఇంకోటి అడిగేది, ఆ ఇంకోటి మరోటి. మాండ్రేక్ కోసం కట్టిన ఆర్‌పీఎం తెచ్చి రెడ్‌హ్యాట్ మీద పెట్టబోయి ఒక శనివారమంతా పోగొట్టుకున్నాను. ఎవరిని ఎవరు అడుగుతున్నారో నోటు పుస్తకంలో వంశవృక్షంలా గీసుకునేవాళ్లం. కష్టమే, కాదనను. కానీ అడిగేవాడు పేరుపెట్టి అడిగేవాడు. ఏం లేదో తెలిసేది.

మేమూ బుద్ధిమంతులం కాదు లెండి. విసుగొస్తే "నోడెప్స్", ఇంకా విసుగొస్తే "ఫోర్స్". అలా ఒకసారి జీలిబ్‌సీ మీదే ఫోర్స్ కొట్టాను. ఆ తర్వాత ఎల్‌ఎస్ కూడా పలకలేదు. తెరిచి ఉన్న షెల్ మూయకుండా, "ఎకో" పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఫైళ్ల పేర్లు చూసుకున్నాం. తెల్లారేసరికి రీఇన్‌స్టాల్. పోయింది ఒక్క మిషను. ఇప్పటి కుర్రాడు ఒక్క ఎంటర్ కొడితే నాలుగొందలు పోతాయి.

ఆటోమేషన్ కొత్తదేం కాదు. 1993లోనే ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్ రాశారు. 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో యాన్సిబుల్. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఫరవాలేదు, "ప్యాకేజీ ఉండాలి" అని రాస్తే చాలన్నారు. రాశాం. రెడ్‌హ్యాట్‌లో అపాచీ పేరు హెచ్‌టీటీపీడీ, డెబియన్‌లో అపాచీ2, ఫ్రీబీఎస్‌డీలో అపాచీ24. ఒక్క లైను రాస్తే చాలన్న చోట "ఇదైతే అది, అదైతే ఇది" అని మూడు పేరాలు రాశాం.

దానికన్నా ముందు పప్పెట్‌ను ఎక్కించాలిగా! రెడ్‌హ్యాట్ 5లో రూబీ 1.8.5. పప్పెట్ 3 వచ్చి, అంత పాత రూబీ నాకొద్దు అంది. పాస్‌వర్డులు ముట్టుకోవాలంటే రూబీ షాడో, కాన్ఫిగ్ ఫైళ్లు దిద్దాలంటే రూబీ ఆగియస్. ఒకటి ఒక రిపోలో, ఇంకోటి ఇంకో రిపోలో. తా దూర సందు లేదు, మెడకో డోలు! ఊరందరికీ ప్యాకేజీలు పంచుతానన్నది తన ప్యాకేజీలకే దిక్కు లేక గుమ్మంలో నిలబడింది.

తర్వాత వాళ్లే ఉపాయం కనిపెట్టారు. రూబీతో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో సహా అన్నీ ఒకే మూటలో కట్టి "ఆప్ట్" ఫోల్డర్‌లో పడేయడం. షెఫ్ ఆమ్నిబస్ అంది, పప్పెట్ 2015లో అదే దారి పట్టింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు. సిస్టమ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ప్యాచ్ వేసి చేతులు దులుపుకుంటే మూటలోది అలాగే ఉంటుంది, దానికి వేరే అప్‌డేట్. అయినా నిజం చెప్పాలంటే, ఇన్నేళ్లలో నాకు నిద్ర పట్టనిచ్చింది ఆ మూట ఒక్కటే.

యాన్సిబుల్‌కు ఏజెంటే అక్కర్లేదని సంబరపడ్డారు. పైథాన్ ఉంటే చాలట. 2016లో ఉబుంటూ 16.04 క్లౌడ్ ఇమేజ్‌లో పైథాన్ 2 లేదు, చాలామంది మొదటి ప్లేబుక్ మొదటి లైనులోనే చతికిలబడింది. ఎస్‌ఈలినక్స్ ఉన్నచోట దాని పైథాన్ లంకె లేకపోతే ఫైలు కాపీ కూడా కాదు. 2021లో క్రిప్టోగ్రఫీ లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చింది, పాత పిప్ ఉన్నవాళ్లను రస్ట్ కంపైలర్ ఉందా అని అడిగింది. పైథాన్‌వాణ్ణి రస్ట్ అడగడమేమిటండీ! డెబియన్ 12లో అయితే సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ దేన్నీ రానివ్వదు. కాదూ కూడదంటే ఒక ఆప్షన్ ఉంది, దాని పేరే "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్". మా నోడెప్స్‌కు మనవడన్నమాట. కాకపోతే మనవడు నిజాయితీపరుడు, చేయబోయేది పేరులోనే చెప్పాడు.

మైత్రీవనం దగ్గర బోర్డులు చూస్తే డెవాప్స్ నేర్పని గది లేదు. నేర్పేది ఒకే ఒక్క క్లౌడ్ ఉబుంటూ మీద. పిల్లలు ఉద్యోగంలో చేరేసరికి ఎదురుగా సెంటాస్ 7. దాని కాలం 2024 జూన్ 30న తీరింది, ఆ తర్వాత దాని మిర్రర్ల చిరునామా కూడా పలకడం మానేసింది. యమ్ నోరు తెరవాలంటే రిపో ఫైళ్లను వాల్ట్ వైపు తిప్పాలి. ఇది ఏ సిలబస్‌లో ఉంది?

ఆ రాత్రి కుర్రాడి చేత ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేయించి, కోర్ 2.16 పెట్టించి, ఆ అంకెను ఫైల్లో రాయించాను. పన్నెండున్నరకు అన్నీ పచ్చగా వచ్చాయి. "అప్‌డేట్ చేస్తే తప్పా సార్?" అన్నాడు. "చెప్పకుండా చేస్తే తప్పు" అన్నాను. మేం నోటు పుస్తకంలో రాసుకున్నది వీళ్లు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసుకుంటే సరిపోయేది. రాయరు.

ఆ 2.16కి కొత్త సవరణలు 2025 మేలో ఆగిపోయాయి. రెడ్‌హ్యాట్ 8కి 2029 మే దాకా ఆయుష్షు ఉంది. నా రిటైర్‌మెంట్ అంతకన్నా ముందే.