వంగిన నడుముకి ఉచిత సలహా

ఈ మధ్య సోంపేటలో ఏ ఫోను తెరిచినా ఒకడే మనిషి. తెల్ల చొక్కా, గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ, ఏసీ గది. "నిటారుగా కూర్చోండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది" అంటాడు. మా వీధి అరుగు మీద కుర్రాళ్లు గడ్డం గుండెకి ఆనించి, వీపు విల్లులా వంచి, ఆ వీడియోని శ్రద్ధగా చూస్తారు. లైకు కూడా కొడతారు.

వాళ్ల సంగతి తేలిక. మనిషి తల బరువు ఓ ఐదు కిలోలు. అరవై డిగ్రీలు ముందుకి వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా పోతుందని కెన్నెత్ హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ సర్జన్ 2014లో లెక్క కట్టాడు. సిమెంటు బస్తాలో సగానికి పైనే. కూలి లేని మోత. ఫోను కళ్ల ఎత్తుకి లేపితే దిగిపోయే బరువది. దించుకోరు, అది వాళ్లిష్టం.

నేను చేసిన తెలివితక్కువ పని వేరే ఉంది. ఆ వీడియోని కాశీబుగ్గలో మా పిన్నికి చూపించాను.

పిన్ని జీడిపప్పు పొట్టు తీస్తుంది. నేల మీద మఠం వేసుకుని కూర్చుంటుంది. ముందు పళ్లెం, చేతిలో చిన్న చాకు. పప్పు మీది ఎర్రపొర గీకాలి, పప్పుకి మాత్రం గాటు పడకూడదు. అందుకని ముఖం పళ్లెంలోకి దిగిపోతుంది. వీడియో చివరిదాకా చూసి, ఫోను నా చేతిలో పెట్టి, అంది: "ఓలమ్మ, నిటారుగా కూకుంటే పప్పు నాకాడికి లేచొస్తాదేటిరా?"

గంటకోసారి లేచి నడవమంటున్నాడు కదా పిన్నీ, అన్నాను.

"నడిసినంతసేపూ నా కిలో ఎవుడు తూస్తాడు?"

వీడియోలో ఆయన దీనికి జవాబు చెప్పలేదు. కిలోల లెక్కన కూలి పుచ్చుకునే మనిషికి నాలుగడుగులంటే వ్యాయామం కాదు, జీతం కోత.

పలాసలో జీడిపప్పుకున్న మర్యాద చూడాలి. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. డబ్ల్యూ 180 అంటే పౌండుకి 180కి మించకుండా తూగే గుండ్లు; డబ్ల్యూ 320 అంటే అంతకంటే చిన్నవి. ఒక గుండు రెండుగా చీలితే దాని హోదా పడిపోతుంది, రేటు పడిపోతుంది, యజమాని ముఖం పడిపోతుంది. ఆ గుండుని చీలకుండా కాపాడిన నడుముకి మాత్రం ఏ గ్రేడూ లేదు. విరిగినా అదే రేటు.

నిలబడ్డప్పటికంటే, కూర్చుని ముందుకి వంగినప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కు మీద ఒత్తిడి ఎక్కువని స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ సూదులు గుచ్చి మరీ కొలిచాడు. అలాగని కర్ర మింగినట్టు కూర్చుంటే బాగుపడతామా అంటే, అదీ లేదు. ఏ భంగిమైనా గంటల తరబడి కదలకుండా ఉంటే చేటే. నడుం నొప్పి మొదలయ్యాక కావాల్సింది కదలిక, వ్యాయామం. బెల్టులూ ట్రాక్షనూ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. మా బజారులో బెల్టులు వేలాడుతూనే ఉన్నాయి.

బెల్టు కొనలేనివాళ్లకి మాత్ర ఉంది. సాయంత్రం ఆరెంపీ దగ్గర సూది, లేదంటే మందుల షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్. పొద్దున్నకి నడుం లేస్తుంది, మళ్లీ పళ్లెం ముందు వంగుతుంది. ఇది ఇంకెక్కడైనా అయితే ఇంతటితో సరిపెట్టుకోవచ్చు. ఇది ఉద్దానం. ఇక్కడ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఖాయంగా తేల్చలేకపోయారు. కానీ చెమటోడ్చి, నీళ్లు చాలక, పైగా రోజూ నొప్పి మాత్ర మింగితే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుందన్నది మాత్రం ఏ డాక్టరూ కాదనడు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మంచిదే. పళ్లెం కింద ఒక బల్ల వేయడానికి అంత ఖర్చు కాదు కదా అని నా చాదస్తం.

బల్ల సంగతి చట్టానికి తెలియక కాదు. కూర్చుని చేయగల పనికి కూర్చునే ఏర్పాటు చేయమని యజమానిని ఆదేశించవచ్చని 1948లోనే, అప్పటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్లో రాశారు. మా ఆడవాళ్లు కూర్చునే ఉన్నారుగా! భూదేవే పరిచిన సీటు. చట్టం అమలైపోయినట్టే.

పనిముట్టు ఎంత పొట్టిగా ఉంటే మనిషి అంత వంగుతాడు. కాలిఫోర్నియా తోటల్లో కూలీల చేతికి మూరెడు పిడి పార ఇచ్చి ఏళ్ల తరబడి నడుములు విరిచారు. పొడుగు పిడి ఇస్తే మొక్కలు పాడవుతాయన్నారు యజమానులు. అసలు సదుపాయం మేస్త్రీది: ఎవడు నడుం ఎత్తినా దూరం నుంచే కనిపించిపోతాడు. కోర్టు దాకా వెళ్లి, 1975లో గానీ ఆ పార పోలేదు.

నిటారుగా నిలబడ్డ కూలీ అంటే పెద్దలకి ఎక్కడైనా అనుమానమే. మా సోంపేట వాళ్లకి ఇది ఒకరు చెప్పాలా? 2010 జులై 14న బీల చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని నిలబడ్డ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ రోజు వెన్ను నిటారుగా ఉంచమని మాకెవరూ సలహా ఇవ్వలేదు. వంచమనే చెప్పారు.

కాబట్టి తెల్ల చొక్కా బాబూ, తమరి సలహా నిక్షేపంలా ఉంది, చిరునామా తప్పింది. మోచేతి ఎత్తున బల్ల, వీపు ఆనే కుర్చీ, కాళ్లు నేలకి ఆనడం, కూలి కోయకుండా గంటకి ఐదు నిమిషాల విరామం. ఈ నాలుగూ పిన్నికి కాదు, కిలోలు తూసే వాళ్లకి చెప్పండి. ఉభాల్లో, అంటే వరినాట్లలో, వంగినవాళ్లకీ, గునపం మీద కొబ్బరికాయలు వలిచేవాళ్లకీ ఏం చెప్పాలో తర్వాత చూద్దాం.

మొన్న వెళ్తే పిన్ని పళ్లెం కింద నాలుగు ఇటుకలు పెట్టుకుని ఉంది. కాస్త మెడ లేచింది. ఇటుకలు ఇంటి నుంచి తెచ్చుకున్నవే.