లాభం గూబల్లోకి!

నష్టాల్ని దాచి, లాభాల్ని ఊదరగొట్టి 2001లో దివాలా తీసిన అమెరికా కంపెనీ ఎన్రాన్. దాని మీద లూసీ ప్రెబుల్ రాసిన నాటకం పేరూ ‘ఎన్రాన్’. 2009లో ఇంగ్లండులోని చిచెస్టర్‌లో, సుమారు మూడొందల మంది పట్టే చిన్న హాల్లో మొదలైంది.

జనం ఎగబడ్డారు.

లండన్ వెళ్లింది. అక్కడా ఎగబడ్డారు.

ఇంకేం, న్యూయార్క్ బ్రాడ్‌వే! వెయ్యికి పైగా కుర్చీలు!

హాలు పెరిగితే జనమూ పెరుగుతారని లెక్క. రేపు రాబోయే లాభాన్ని ఇవాళే పద్దులో రాసుకోవడం ఎన్రాన్ వారి విద్య. నాటకం ఆడించేవాళ్లకు ఆ మాత్రం అబ్బదా?

ఖాళీ కుర్చీకీ అద్దె కట్టాలి. అది టికెట్టూ కొనదు, చప్పట్లూ కొట్టదు.

2010 ఏప్రిల్ 27న ప్రారంభం. మే 9న ముగింపు. పురిటి మైల తీరేంత కాలం!

నాటకంలో కంపెనీ అప్పుల్ని రాప్టర్లనే డైనోసార్లు మేస్తుంటాయి. (అప్పు చేసి పప్పుకూడు మనకు తెలుసు. అప్పునే కూడుగా వడ్డించడం మాత్రం వాళ్ల ప్రతిభే.) పెద్ద హాలుకు వచ్చేసరికి ఆ జంతువులకు ఆకలి పెరిగినట్టుంది, పెట్టుబడినీ మేశాయి.

మామూలుగా నటులు పాత్రల్లో జీవిస్తారు.

ఇక్కడ నిర్మాతలు జీవించారు.