మొదటి పొర పట్టుకోవాలి

నేనొక త్రీడీ ప్రింటర్ని. రామచంద్రపురంలో ఒక డాబా ఇంట్లో, కిటికీ పక్క బల్ల మీద ఉంటాను. వస్తువు నిలిచే నా బెడ్ 22 సెంటీమీటర్ల చదరం, కరిగిన ప్లాస్టిక్ దిగే నాజిల్ రంధ్రం 0.4 మిల్లీమీటర్లు. 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ ప్రాజెక్టు తన ప్రింటరు డిజైన్లను అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఆ ఉదారత వల్లే నాలాంటి చవక యంత్రాలు గోదావరి ఊళ్ళదాకా వచ్చాయి.

ఇంట్లో అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ద్రాక్షారామ భీమేశ్వరాలయం నమూనా చేయాలని పట్టుబట్టాడు. అక్కడ గర్భాలయం రెండంతస్తులు, పైఅంతస్తుకెక్కితేగాని లింగం శిరసు కనపడదు. అంత ఎత్తు నమూనాకి కింది పొరే ఆధారం. అదే నిలవలేదు. మూలలు లేచాయి, ప్లాస్టిక్ పోగులు నాజిల్‌కి చుట్టుకున్నాయి. "ఇది పనికొచ్చే మిషను కాదురా" అన్నారు నాన్నగారు. ఆ మాటకి నేను చాలా బాధపడ్డాను.

తప్పెక్కడంటే, అబ్బాయి నన్ను చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చేసేవాడు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ పోయాలంటే నా బెడ్ 60 డిగ్రీలకి, నాజిల్ 200 డిగ్రీలకి వేడెక్కాలి. వేడికి లోహం సాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు నాజిల్‌కీ బెడ్‌కీ మధ్య కుదిరిన సందు మారిపోతుంది. ఇప్పుడు ముందు వేడెక్కనిచ్చి, నాజిల్ కింద ఏ4 కాగితం పెట్టి లాగుతూ నాలుగు మూలల మరలూ తిప్పుతున్నాడు. కాగితం గీసుకుంటూ కదలాలి, ఇరుక్కోకూడదు. ఒక మూల తిప్పితే పక్క మూల మారుతుంది, కాబట్టి మరో చుట్టు తప్పదు. మూలలన్నీ కుదిరినా నడుమ కుదరకపోతే బెడ్డే వంగిందని అర్థం. దానికి గాజు పలక వేయడం మేలు.

పోగులు గుండ్రంగా విడివిడిగా పడితే నాజిల్ ఎత్తులో ఉన్నట్టు. పొర పల్చబడి, ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగను తోసే గేరు టక్‌టక్‌మంటే మరీ దిగినట్టు.

అయినా ఒక మూల లేస్తూనే ఉంది. కారణం వాళ్ళమ్మ కనిపెట్టింది. "తలకి కొబ్బరినూనె రాసుకుని ఆ చేత్తోనే దాన్ని ముట్టుకున్నావు కదరా!" అట్టు ఊడిరావడానికి పెనానికి నూనె రాస్తారు. నా బెడ్‌కి నూనె తగిలితే ప్లాస్టిక్కూ అలాగే ఊడిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పైనున్న ఫ్యాను కట్టేశాడు. మూల పట్టుకుంది.

మీ ఇంట్లో నాలాంటిదుంటే, లెవెలింగ్ సెన్సరు కొనేముందు బెడ్ తుడిచి, వేడిచేసి, కాగితం లాగి చూడండి. సెన్సరు ఎత్తుపల్లాలు కొలుస్తుందేగాని, వదులైన మరను బిగించదు.