తట్టి చూసే మామ

మా ఇబ్రహీంపట్నం దిక్కు ఊరికొక మామ ఉంటాడు. కళ్లతో చూస్తే చూసినట్టు కాదాయనకు. పుచ్చకాయ కనబడితే తట్టాలె, కుండ కనబడితే మోగించాలె, ఆగిన ఆర్టీసీ బస్సు టైరును కాలితో తన్ని గాలి చూడాలె. తప్పు ఆయనది కాదు, పసుపుది. ఎండిన కొమ్మును విరిచి, చప్పుడు విని, లోపలి రంగు చూస్తేగానీ సరుకు తెలియదు. నిజామాబాద్ యార్డులో ఏండ్ల తరబడి విరిచిన చేతులు గుడికొచ్చినా ఊరుకుంటాయా?

జగిత్యాల కోటలో మనవడు ఫోను చూసి, ఇది నక్షత్రం ఆకారంలో కట్టిన కోట అని చదువుతుంటే, మామ ఫిరంగిని గణుపులతో గట్టిగా కొట్టి “పక్కా సరుకే” అని తేల్చాడు. ఫిరంగికేమీ కాలేదు. గణుపులే రెండు రోజులు వాచాయి.

అసలు పరీక్ష రామప్పలో. 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. ఇసుక నింపిన పునాది, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరం. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మామ చెవికి ఇందులో ఒక్క మాటే ఎక్కింది: తేలే ఇటుక. ఇంటినుంచే సగం కోసిన ప్లాస్టిక్ సీసా తెచ్చుకున్నాడు. నీళ్లు కూడా ఇంటివే, బయటి నీళ్ల మీద నమ్మకం లేదు.

శిఖరం ఎత్తున ఉంది కాబట్టి, రాలిన ముక్కేమన్నా దొరుకుతుందేమోనని గుడి చుట్టూ వంగి తిరిగాడు. చూసినవాళ్లు ప్రదక్షిణ అనుకున్నారు. ఒకావిడ ఆ భక్తికి ముచ్చటపడి దండం కూడా పెట్టింది. దొరక్కపోయేసరికి నల్లరాతి మదనిక వైపు చూపు మళ్లింది. అంత సన్నని నగల సందుల్లో దారం దూరుతుందని ఎవరో చెప్పారట. జేబులో దారపు ఉండ సిద్ధంగా ఉంది.

“పెద్దాయనా, ముట్టొద్దు” అన్నాడు కాపలా అతను.

“ముడితె ఏమైతదిరా? రాయేనాయె!”

“ఇరిస్తే, గీకితే రెండేండ్ల దాకా జైలు, లేకుంటే లక్ష దాకా జరిమానా, కాదంటే రెండూ.”

మామ లక్షను మనసులోనే పసుపు క్వింటాళ్లలోకి మార్చుకుని ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ కాపలా అతనికీ పసుపు చేను ఉన్నట్టుంది. “మీరు యార్డుల రాశి పోస్తే, కొననోడు సుత వచ్చి తలా ఒక కొమ్ము ఇరిసి సూస్తే ఊకుంటరా?”

మామ ముఖం ఎర్రబడింది. మొన్నటి సీజన్‌లో సరిగ్గా అందుకే ఒకడి గల్లా పట్టినంత పని చేశాడు. “కొనెటోడే ఇరువాలె. తీరొక్కడు ఇరిస్తె రాశేముంటది?” అన్నాడు. అనేశాక, తన చేతిలో దారం చూసుకుని మెల్లగా జేబులో పెట్టాడు.

ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకునే నడిచాడు. నంది దగ్గర కట్టుకునే నిలబడ్డాడు. కోడలు తృప్తిగా ఫొటో తీసింది. తిరిగి చూస్తే మామ లేడు.

ద్వారం పక్కన, తడితే స్వరాలు పలుకుతాయని చెప్పుకునే వేణుగోపాలుడి దగ్గర, చేతులు వెనకే ఉంచుకుని, మెడ సాచి చెవి దగ్గరగా పెట్టి ఉన్నాడు. కాపలా అతను ఉరికి వచ్చాడు.

“నేను తట్టలే బిడ్డా,” అన్నాడు మామ, “ఇంకెవడన్న తడ్తడేమోనని సూస్తున్న.”